సవేలియో పళ్ళ మధ్య

2008 సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం. సమోవా దేశపు సవాయీ దీవి మీద, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఇంట్లో, చర్చి నుంచి తిరిగొచ్చిన కుటుంబం చాపల మీద కూర్చుని భోంచేసింది. కాల్చిన రాళ్ళ మధ్య ఉడికిన చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి చుట్టిన చేమాకు పొట్లాలు, సీమపనస, ఉప్పు తక్కువైన పంది మాంసం. ఉప్పు తక్కువైన సంగతి నాకెలా తెలుసంటారా? ఆ భోజనం ముగిసిన కాసేపటికే నేను ఈ లోకంలోకి వచ్చాను. పుక్కిలించని నోట్లో పుట్టాను.

నేను ఒక మౌత్‌గార్డ్‌ని. రగ్బీ ఆడేవాళ్ళు పళ్ళు రాలిపోకుండా పై వరసకు వేసుకునే రబ్బరులాంటి తొడుగుని. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ నాకొక ఆకారమంటూ లేదు. గుర్రపు నాడాలా ఒంగి, ఎవరి పళ్ళకైనా అమరుతానని అబద్ధం రాసిన అట్ట వెనక కూర్చున్నాను. నన్ను మరిగే నీళ్ళలో ముంచి, మెత్తబడగానే నోట్లో పెట్టుకుని గట్టిగా కొరకాలి. ఎవరు కొరికితే ఇక జన్మంతా వాళ్ళదాన్నే. ఇష్టాయిష్టాలు అడిగేవాళ్ళు లేరు.

నన్ను కొన్నవాడు సవేలియో అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. మర్నాడు రాజధానిలో విదేశీ క్లబ్బులవాళ్ళు ఆటగాళ్ళను ఎంచుకునే పోటీ ఉంది. ఆదివారం పని ముట్టకూడదని ఆ ఊరి కట్టుబాటు. అయినా అతను వంటపాకలోకి వెళ్ళి నన్ను పొయ్యి మీది నీళ్ళలో వేశాడు. వాళ్ళమ్మ చూడనే చూసింది.

"ఒరేయ్, అది కోకో కాచే గిన్నెరా! అందులో ఆ రబ్బరు ముక్కేంటి?"

"పళ్ళకమ్మా. రేపు ఇది లేకపోతే ఆడనివ్వరు."

"దేవుడు ఊరికే ఇచ్చిన పళ్ళకి మళ్ళీ అంగట్లో కొన్న పళ్ళా? అదీ ఆదివారం పూట! పాస్టరుగారికి తెలిస్తే నిన్నేమీ అనడు, నన్నంటాడు."

"నువ్వు చెప్పకు, నేనూ చెప్పను."

"కోకోకి ఆ కంపు పట్టిందో, గిన్నెడూ నీచేతే తాగిస్తా."

అతను కొరికాడు. పళ్ళ సందుల్లోని చేమాకు పీచులు, మాంసపు నార, వెచ్చటి ఉమ్మి, ఇవన్నీ నా ఒంట్లో అచ్చుపడ్డాయి. మనుషులు ముద్దుపెట్టుకోవడానికీ ప్రార్థన చేసుకోవడానికీ వాడే ఈ గుహ లోపల ఎలా ఉంటుందో వాళ్ళకు తెలియకపోవడమే మంచిది. నాకు మాత్రం మొదటి ఊపిరితోనే రోత పుట్టింది. ఆ రోత ఈనాటికీ పూర్తిగా పోలేదు.

అయితే ఆ నోటికి ఇంకొక ఉపయోగం ఉందని ఆ సాయంత్రమే తెలిసింది. సవేలియో తండ్రి ఇయోసేఫో ఆ ఊరి తులాఫాలే. అంటే ఊరి తరఫున నలుగురిలో మాట్లాడే పెద్ద. ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ ఒక గౌరవ సంబోధన ఉంటుంది, దానికొక వరస ఉంటుంది. మీలో కొందరు పెద్దలకు నమస్కరిస్తూ ప్రవర చెప్పుకుంటారు చూడండి, ఇంచుమించు అలాంటిది. కాకపోతే ఇక్కడ చెప్పాల్సింది మన వంశం గొప్ప కాదు, ఎదుటివాళ్ళది. ఒక్క పేరు మరిచినా, ఒకరి వెనక రావలసినవారు ముందు వచ్చినా, ఆ ఇంటిని ఊరందరి ఎదుట చెంపదెబ్బ కొట్టినట్టే. రాసుకుని చూసి చదివితే నవ్వుతారు. తండ్రి తర్వాత ఆ బిరుదూ, నిలబడి మాట్లాడేటప్పుడు పట్టుకునే చేతికర్రా సవేలియోకి రావాలని కుటుంబమంతా అనుకున్నమాట.

"నోట్లో ఏంట్రా అది? తీసి చెప్పు," అన్నాడు ఇయోసేఫో.

"ఉంచుకునే చెప్తా నాన్నా. రేపటికి అలవాటవ్వాలి."

"సరే, నెమరేస్తూనే చెప్పు."

అతను చెప్పాడు. నా మీదుగా, నా చుట్టూ, ఒక్కొక్క ఇంటి గౌరవమూ తడబడకుండా దొర్లుకుంటూ పోయింది. కంపు కొట్టే ఆ చోట అంత అందమైనది ఎలా ఉండగలదో నాకు అర్థం కాలేదు.

"పళ్ళు పోతే పోయాయి," అన్నాడు తండ్రి చివర్లో. "పేర్లు మాత్రం పోగొట్టుకోకు."

పోటీలో సవేలియోని ఎంచుకున్నారు. ఫ్రాన్సు దక్షిణాన వానలు తెరిపివ్వని ఒక చిన్న ఊరి క్లబ్బుకు తీసుకెళ్ళారు. ఎదురుగా బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాణ్ణి భుజంతో గుద్ది పడగొట్టడం అతని పని. ఒక్క మాటలో, గోడగా ఉండటం. అందుకు అతని తలా నేనూ ముందుండేవాళ్ళం.

అక్కడి బట్టలు మార్చుకునే గది గురించి వివరంగా చెప్పను, మీరు భోంచేసి ఉండొచ్చు. తడి సాక్సులు, నొప్పుల తైలం, బురద, ఎవరో ఆపుకోలేకపోయిన వాంతి. ఆట మధ్యలో నన్ను తీసి సాక్సులో దోపుకునేవాడు, మళ్ళీ అదే నోట్లో పెట్టుకునేవాడు. రెండుసార్లు నా మీద వేరేవాళ్ళ నెత్తురు పడింది. తుడవకుండానే వేసుకున్నాడు. క్లబ్బు వాళ్ళు దంతవైద్యుడిచేత ఖరీదైన కొత్త తొడుగులు చేయించి ఇచ్చారు. అవి పెట్టెలోనే మగ్గాయి. ఇంటి నీళ్ళలో ఉడికిందే తనకు అచ్చొచ్చిందని అతని నమ్మకం. నేనేమో ఆ అదృష్టాన్ని తిట్టుకుంటూ ఉండేదాన్ని.

ప్రతి ఆటకూ ముందు, మైదానంలోకి దారితీసే చీకటి సందులో, అందరూ గుండెలు బాదుకుంటూ అరుస్తుంటే, సవేలియో తల వంచి ఊరి పేర్లన్నీ వరసగా గొణుక్కునేవాడు. ఆ కాసేపూ నాకు రోత ఉండేది కాదు.

అతను పెళ్ళాడిన మటలేనా కూడా ఆ దీవి పిల్లే. ఆట అయి ఇంటికి రాగానే ముందు నన్ను లాక్కుని గోరువెచ్చని నీళ్ళలో వంటసోడా వేసి నానబెట్టేది, మెత్తని బ్రష్షుతో సందుసందునా తోమేది. "నీ నోటికన్నా ఇదే శుభ్రంగా ఉంది," అని మొగుణ్ణి దెప్పేది. ఆ ఊళ్ళో నాకు దొరికిన సుఖమంతా ఆ గిన్నెలోనే.

మిగతాదంతా వెగటే. క్లబ్బు అధ్యక్షుడు కండువా చుట్టుకుని, సారా వాసనతో, ఆటగాళ్ళ బుగ్గలకు ముద్దులు పెడుతూ తిరిగేవాడు. "ఈ ద్వీపాల వాళ్ళ ఎముకలే వేరండీ. సుత్తితో కొట్టినా వీళ్ళ తలకు ఏమీ కాదు," అని తన అతిథులకు సవేలియోని చూపించేవాడు, సంతలో ఎద్దును చూపించినట్టు. అతిథులు అతని మెడ తడిమి చూసేవాళ్ళు. సవేలియో నవ్వేవాడు. ఆ నవ్వుకు నేను లోపలి వైపు నుంచి సాక్షిని. పళ్ళు బిగిసి ఉండేవి.

ఏటా ఆటలు మొదలయ్యే ముందు తలకొక పరీక్ష పెట్టేవారు. డాక్టరు పది మాటలు చదువుతాడు, ఆటగాడు గుర్తున్నవి తిరిగి చెప్పాలి. ఆ లెక్క దాచి ఉంచుతారు. తర్వాత ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మొదటిదానికన్నా తక్కువ వస్తే కొన్ని వారాలు ఆడనివ్వరు. ఆడకపోతే ఆ చోటులోకి ఇంకొకడు వస్తాడు. మంచి ఉద్దేశంతో పెట్టిన పరీక్షే. దాన్ని ఏం చేశారో చూడండి.

అదే క్లబ్బులో ఆడే ఎనోసా అనే మరో సమోవా వాడు మొదటి ఏడే సవేలియోని వరండాలో పక్కకు లాగాడు. ఉసో అంటే వాళ్ళ భాషలో సోదరుడు.

"ఉసో, లోపలికెళ్ళి తెలివి ఒలకబోయకు. పది చెప్పావో, చచ్చావు."

"ఎందుకు?"

"ఇప్పుడు పది చెప్తే, దెబ్బ తగిలాక కూడా పది చెప్పాలి. ఇప్పుడే నాలుగు చెప్పావనుకో, తల పగిలినా నాలుగు చెప్పగలవు. మనవాళ్ళంతా ఇంతే. నేను మూడు చెప్పా."

"అది నటన కాదేమో అన్నా."

"పోరా, కొబ్బరికాయా!" అని ఎనోసా అతని వీపు చరిచాడు.

నన్ను జేబులో పెట్టుకునే లోపలికి వెళ్ళాడు. డాక్టరు చదివాడు: దీపం, వంతెన, నిమ్మకాయ, గుర్రం, కుర్చీ… ఊరిలోని ప్రతి గడప గౌరవమూ వరస తప్పకుండా మోసే ఆ తల, దీపం దగ్గర ఆగింది, గుర్రం దగ్గర వెతుక్కున్నట్టు కళ్ళు చికిలించింది, ఇంకో రెండు చెప్పి సిగ్గుపడ్డట్టు కిందికి చూసింది. డాక్టరు జాలిగా నవ్వి నాలుగని రాసుకున్నాడు. బయట ఎనోసా, ఇంకో ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "పుట్టుమొద్దువని రాసేసుకున్నారు! ఇక నీకు ఢోకా లేదు."

తమ తలను తామే తక్కువ చేసి చూపించుకుని, అది గెలుపనుకోవడం మనుషుల జాతికే చెల్లింది. ఏటా అదే నాటకం. ఏటా నాలుగే.

దెబ్బలు తగులుతూనే వచ్చాయి. ఒకటి మాత్రం చెబుతాను. ఒక శీతాకాలపు ఆటలో ఎదుటివాడి మోకాలు సవేలియో కణత మీద పడింది. రెండు దవడలూ నా మీద మూసుకున్నాయి, తర్వాత వదులయ్యాయి. నేను సగం బయటికి వేలాడుతున్నాను. అతను గడ్డి మీద వెల్లకిలా పడి, ఊరి పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. పరుగెత్తుకొచ్చిన ఫిజియో, "వాళ్ళ భాషలో ప్రార్థన చేస్తున్నాడు," అన్నాడు. కాదు. నాలుగో ఇంటిని రెండో ఇంటికి ముందు పెట్టాడు. ఒక ఇంటిని పూర్తిగా వదిలేశాడు. అది తెలిసినది ఆ మైదానంలో నేనొక్కదాన్నే. పక్క గదిలోకి తీసుకెళ్ళి పది మాటలు అడిగారు. నాలుగు చెప్పాడు. ఎప్పటిలాగే ఉందని మళ్ళీ పంపారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. వీరుడట!

ఆ తర్వాత చీకటి సందులోని గొణుగుడు మారింది. మొదట ఒక పేరు దగ్గర ఆగేవాడు. తర్వాత ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదటికి వెళ్ళేవాడు. ఫోనులో తండ్రి అడిగితే, "ఇక్కడ అందరూ ఉన్నారు నాన్నా, తర్వాత చెప్తా," అనేవాడు. గదిలో ఎవరూ ఉండేవారు కాదు. తండ్రి పోయినప్పుడు క్లబ్బు పెద్ద పోటీలో ఆఖరి ఆటలకు చేరుకుంది. "అయ్యాక వెళ్దువుగాని, ఆయనిప్పుడు ఎక్కడికీ పోడుగా," అన్నాడు అధ్యక్షుడు, హాస్యమనుకుని. ఆ మాట అన్న నోటిని కూడా ఎవరైనా వంటసోడాలో నానబెట్టి తోమి ఉంటే బాగుండేది.

చివరికి మెదడు దెబ్బల బలాన్ని కొలిచే కొత్తరకం మౌత్‌గార్డులొచ్చాయి. లోపల చిన్న యంత్రం ఉంటుంది. ఎంత గట్టిగా తగిలిందో అది డాక్టరుకు చేరవేస్తుంది. సవేలియో ఒకసారి పెట్టుకుని, పళ్ళకు సరిపడలేదని పక్కన పెట్టి నన్నే తీసుకున్నాడు. అచ్చొచ్చిందన్న నమ్మకం కాదది. అది చెబుతుంది, నేను చెప్పను. అంతే తేడా.

తండ్రి బిరుదు సవేలియోకే ఇవ్వాలని కుటుంబం కూర్చుని తీర్మానించిందని కబురొచ్చిన ఏడు, ఆటలకు ముందు మళ్ళీ ఆ పరీక్ష వచ్చింది. ఈసారి అతను వరండాలో ఎవరితోనూ మాట్లాడలేదు. కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. జేబులో నన్ను పట్టుకున్న వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఈసారి నిజంగా చెప్పాలని, తనలో ఎంత మిగిలిందో చూసుకోవాలని వచ్చాడు. డాక్టరు చదివాడు. సవేలియో మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. చాలాసేపటికి ఇంకొకటి. నోరు తెరిచే ఉంది. ఇంకేమీ రాలేదు.

"నాలుగు," అన్నాడు డాక్టరు ఉత్సాహంగా. "ఇన్నేళ్ళుగా ఒక్కటీ తగ్గలేదు. నిన్ను చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి."

బయట ఎనోసా కన్ను గీటాడు. "ఎంత, ఉసో?"

"నాలుగు."

"భలే నటుడివిరా నువ్వు!"

కారులో కూర్చుని నన్ను నోట్లో పెట్టుకుని, నా చివర తెగేదాకా కొరికాడు.

ఆ ఏడాది చివర ఆట మానేశాడు. వీడ్కోలు సభలో చట్రం కట్టిన చొక్కా ఇచ్చారు. అధ్యక్షుడు అతని పేరు తప్పు పలికి, కన్నీళ్ళు పెట్టుకుని, అతని తల మీద పిడికిలితో తట్టి, "రాయి!" అన్నాడు. అందరూ నవ్వారు. కేకు కోశారు.

దీవికి తిరిగొచ్చాం. నిద్రలో పళ్ళు పటపట కొరకడం అతనికి అలవాటైపోయింది కాబట్టి, నాకు రాత్రి ఉద్యోగం మిగిలింది. బిరుదు తీసుకోనని చెప్పడానికి అతనికి కారణం కావాలి. ఉన్న కారణం నోరు దాటలేదు. మటలేనా పనుల్లో మునిగి ఉంది. అతని పరధ్యానాన్ని ప్రయాణ బడలిక అనుకుంది.

వేడుకకు ముందురోజు సాయంత్రం పెసామినో వచ్చాడు. ఆ ఊళ్ళో మిగిలిన పెద్ద తులాఫాలే. చచ్చిపోయిన ఇయోసేఫోతో జీవితమంతా పోటీపడ్డవాడు. చాప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, "ఆ ఆటలో బంతి వెనక్కే విసరాలటగా? ముందుకు పోవడానికి వెనక్కి విసరడమేంట్రా? మీ నాన్నకి చెప్తే నమ్మలేదు," అన్నాడు. సవేలియో నవ్వాడు. తర్వాత ముసలాయన మామూలుగా, "ఏదీ, రేపటివి ఒకసారి అను. వింటా," అన్నాడు.

మొదటి ఇల్లు వచ్చింది. రెండోది. మూడోది. నాలుగోది రాలేదు. సవేలియో దగ్గాడు. గొంతు బాగాలేదన్నాడు. ముసలాయన కాసేపు అతని ముఖంలోకి చూసి, తన కోకో చెట్లకు పట్టిన తెగులు గురించి మాట్లాడి వెళ్ళిపోయాడు.

మర్నాడు పక్క ఊళ్ళ నుంచి అతిథులొచ్చారు. స్తంభాల మీద కప్పు మాత్రమే ఉండే పెద్ద సభామందిరంలో, ఒక్కొక్క స్తంభానికీ ఆనుకుని ఒక్కొక్క పెద్ద. వేడుక కోసం సవేలియో నడుముకు చుట్టిన సన్నని అల్లిక చాప మడతలో నేను. భయం వేసినప్పుడు నన్ను తడుముకోవడం అతనికి అలవాటు. ఎవరు మాట్లాడాలో తేల్చుకోవడానికి వక్తలు ముందు కాసేపు వాదించుకోవడం అక్కడి ఆచారం. అందరూ తామే మాట్లాడతామంటారు, ఒక్కొక్కరే మర్యాదగా తప్పుకుంటారు. బిరుదు అందుకున్న రోజు ఆ గౌరవం కొత్తవాడికే చివరికి దక్కుతుంది. దక్కి తీరుతుంది. అందుకే సవేలియో వేళ్ళు నన్ను పిండేస్తున్నాయి.

ఒకరు తప్పుకున్నారు. ఇంకొకరు తప్పుకున్నారు. పెసామినో తప్పుకోలేదు.

"ఈ ఊరి మాట మోసే భుజం ఇంకా నాదే," అన్నాడు కర్ర నేలకు ఆనించి. "కుర్రవాడికి ముందు చాలా రోజులున్నాయి. ఈ రోజు నాది."

"తమరు ముప్పై ఏళ్ళుగా మోశారు. ఇవాళ కొత్త కర్రకు చోటివ్వండి," అన్నాడు ఇంకో పెద్ద. "ఆచారం తమకు తెలియనిది కాదు."

"తెలుసు కనుకే అడుగుతున్నాను. ఇవ్వను."

సభ ఇబ్బందిగా కదిలింది. వెనక ఆడవాళ్ళలో ఎవరో, "సిగ్గులేదు ముసలాడికి. పోయేలోగా ఒక్కరోజైనా నోరు మూసుకుంటాడా?" అంది. అతిథులు చాపల అల్లికను పరిశీలించడం మొదలుపెట్టారు. ముసలాయన ముఖం రాయిలా ఉంది. ఊరంతా తనను అసహ్యించుకుంటోందని అతనికి తెలుసు. వాదన సాగదీశాడు, ఇంకా సాగదీశాడు. ఇక సవేలియో పెదవి విప్పక తప్పలేదు.

"తమరే మాట్లాడండి," అన్నాడు.

అంతే. రెండే మాటలు. "ఎంత వినయం! తండ్రిని మించాడు," అన్నారు జనం. తప్పుగా చూడటంలో వాళ్ళకు సాటి లేదు. దురాశ లేనివాణ్ణి దురాశపరుడన్నారు, వినయం కానిదాన్ని వినయమన్నారు. పెసామినో లేచి, ప్రతి ఇంటి గౌరవమూ వరస తప్పకుండా చెప్పాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆ పేర్లు పూర్తిగా విన్నాను. సవేలియో పెదవులు చప్పుడు లేకుండా ఆయన వెనకే కదిలాయి, మూడో ఇంటిదాకా.

సాయంత్రపు ప్రార్థన అయ్యాక పెసామినో మా ఇంటికొచ్చాడు. సభామందిరం వెనక కట్టిన సిమెంటు ఇల్లది. మటలేనా పలకరించలేదు. టీ కప్పు ఆయన ముందు టక్కున పెట్టింది.

"పెద్దవారని ఊరుకున్నాం," అంది. "ఈయన జీవితంలో ఒక్కరోజు. అదీ మీకే కావాల్సొచ్చిందా?"

"మాట్లాడాలనిపించింది, మాట్లాడాను," అన్నాడు ముసలాయన.

"ఆయన తిట్టు తినాల్సినవాడు కాదు," అన్నాడు సవేలియో. గిన్నెలో నీళ్ళలో ఉన్న నేను ఆ నోటిని మొదటిసారి బయటి నుంచి పరీక్షగా చూస్తున్నాను. పళ్ళు బిగిసి లేవు. "నాకు రావు, మటలేనా. పేర్లు రావు."

"ఏ పేర్లు?"

"అన్నీ. మూడో ఇంటి తర్వాత ఖాళీ. పరీక్షల్లో నటించేవాణ్ణని నీతో నవ్వుతూ చెప్పేవాణ్ణే. ఇప్పుడు నటన కాదు."

ఆమె ఉన్నచోటే కూర్చుండిపోయింది. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. మనుషుల మీద నాకున్న రోత అప్పుడు ఎగిరిపోయిందని చెప్పను. ఆ అధ్యక్షుడు ఇప్పటికీ ఎవరి మెడో తడుముతూనే ఉంటాడు. కానీ ఆ గదిలో అబద్ధం లేని నిశ్శబ్దం ఒకటి కూర్చుంది. నేను పుట్టినప్పటి నుంచి అంత శుభ్రమైనదాన్ని చూడలేదు.

"అమ్మాయ్," అన్నాడు పెసామినో కాసేపటికి, "ఈ టీలో చక్కెర వేశావా?"

ఆమె లేచింది. చెంచాతో రెండుసార్లు వేసి, నిదానంగా కలిపి, ఈసారి రెండు చేతులతో ఇచ్చింది. ఆయన చివరి చుక్కదాకా తాగాడు. అప్పటికే సవేలియో గోడకు ఆనుకుని, నన్ను పళ్ళకు తొడుక్కోకుండానే, నోరు కొంచెం తెరిచి నిద్రపోయాడు. మటలేనా అతని మీద దుప్పటి కప్పింది. ముసలాయన లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి నడిచి, వెనక్కి తిరిగి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.